అవి దిష్టి నీళ్లు కావు

మా పాత కంపెనీ వాళ్ల వాట్సాప్ గ్రూపులో సదానందం పెట్టిన మెసేజ్‌లో రెండు తప్పులున్నాయి. “మన పసుపు మేడమ్ ఈ ఉదయం స్వర్గస్తులైనారు” అని రాశాడు. ఒకటి అక్షరదోషం, దాన్నెవరూ పట్టించుకోలేదు. రెండోది ఆ పేరు. అది తప్పని ఆ గ్రూపులో నాకొక్కడికే తెలుసు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతుంటే నేనూ ఒక బొమ్మ పెట్టి ఫోను బోర్లించాను.

మధ్యాహ్నానికల్లా పాత కథ మళ్లీ మొదలైంది. మేడమ్ మిషన్‌కు దిష్టి తీయబోయి, పసుపు పడేసి టీకా బ్యాచ్ మొత్తం పాడుచేసిన కథ. “పాపం మనసు మంచిదే, నమ్మకాలే జర ఎక్కువ” అని ఒకరు రాశారు. ఇంకొకరు నవ్వే ముఖం పెట్టి, చావు సంగతి గుర్తొచ్చిందేమో, వెంటనే తీసేశారు.

ఆమెకు నమ్మకాలు లేవు. మనసు మంచిదన్న మాట కూడా నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ఆమెతో పనిచేయడం కష్టంగా ఉండేది. ఆ కష్టాన్ని సాకుగా పెట్టుకుని నేను చేసిన పని ఒకటుంది. అది చెప్పాలంటే ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి.

మగవాళ్లందరినీ ‘బాబూ’ అనేది, ఆడవాళ్లందరినీ ‘పిల్లా’ అనేది. పేర్లు గుర్తుండక కాదు, గుర్తుపెట్టుకోవడం అనవసరమని. చాయ్ సాసర్‌లో పోసుకునేది కాని వెంటనే తాగేది కాదు. సాసర్‌ను కొంచెం వంచి, చాయ్ అంచుదాకా పోయి తిరిగి రావడం చూసేది. మళ్లీ వంచేది. ఒకసారి మెల్లగా, ఒకసారి చురుగ్గా. మీటింగ్ కోసం ఎదురుగా కూర్చున్న మేము ఆ చాయ్ ఎప్పుడు అయిపోతుందా అని చూసేవాళ్లం. కొంగు మీద ఎప్పుడూ ఒకటో రెండో చాయ్ మరకలుండేవి. మిర్చి బజ్జీలు తెప్పిస్తే పైన పిండి మాత్రం తిని, మిరపకాయను పక్కవాళ్ల ప్లేటులో వేసేది, అడక్కుండానే.

ఎవరేం చెప్పినా ఆమె అనే మాట ఒకటే: “ఏది, చూపియ్యి.”

ల్యాబ్‌లో కణాలు బాగా పెరుగుతున్నాయంటే, ఏది, చూపియ్యి. స్టాఫ్ వ్యాన్ వెళ్లిపోయిందంటే కూడా గేటు దాకా వచ్చి రోడ్డు చూసి గాని నమ్మేది కాదు. ఒకసారి ఒక అమ్మాయి జ్వరమని సెలవు అడిగితే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, “ఏం లేదు పిల్లా, పో” అని పనిలోకి పంపింది. ఆ అమ్మాయిని సాయంత్రం దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. ఈమె పోయి చూడలేదు. తనది పొరపాటని కూడా అనలేదు. స్టోర్స్ చూసే సదానందం మీద ఒకసారి సంచుల అట్టపెట్టె చింపాడని అందరి ముందూ విరుచుకుపడింది. చింపింది లారీ వాళ్లని తర్వాత తెలిసింది. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. “పెట్టె చిరిగిందా లేదా? చిరిగింది. మరి నా మాటల తప్పేంది బాబూ?” అంది.

ఇలాంటి మనిషి. ఆమె ఓడిపోతే చూడాలని మాలో చాలామందికి ఉండేది. నాకు అందరికంటే ఎక్కువ ఉండేది.

మా కంపెనీ వరంగల్ ములుగు రోడ్డు మీద, ఊరు దాటాక, పత్తి చేల మధ్య ఉండేది. గొర్రెలకు వచ్చే పారుడు రోగానికి టీకా తయారుచేయాలని మొదలుపెట్టారు. జ్వరంతో మొదలై, విరేచనాలతో మందలకు మందలను తుడిచిపెట్టే రోగం అది. టీకాకు కావలసిన వైరస్‌ను బతికున్న జంతుకణాల్లో పెంచాలి. ఆ కణాలను పెంచడానికి పెద్ద తలగడలాంటి ప్లాస్టిక్ సంచులు వస్తాయి. ఒకసారి వాడి పారేసేవి. సంచిలో పోషక ద్రవం, కణాలు, కొంత గాలి నింపి, దాన్ని ఊగే పలక మీద పడుకోబెడతారు. పలక అటూ ఇటూ వాలుతుంటే లోపల చిన్న అల పుడుతుంది. ఆ అలే కణాలకు ఊపిరి అందిస్తుంది. రెక్కలుండే చక్రం పెట్టి తిప్పితే ఈ కణాలు తట్టుకోలేవు. మెల్లగా ఊపాలి. మావాళ్లు ఆ మిషన్‌ను ‘తొట్టెల’ అనేవాళ్లు.

కణాలను పెంచే విభాగం ఆమెది. మిషన్లు నావి. పలక ఎంత వాలాలి, ఎంత వేగంగా ఊగాలి, సంచి ఎంత మేర నింపాలి అన్నవి కంప్యూటర్‌లో లెక్కగట్టి చెప్పడం నా పని. లెక్క నడిచాక వచ్చే బొమ్మలు చాలా అందంగా ఉండేవి. నీరు జోరుగా కదిలే చోట ఎరుపు, నిలిచే చోట నీలం. ఎండీకి ఆ బొమ్మలంటే ఇష్టం. ఆయన ఎరువుల వ్యాపారం నుంచి వచ్చినవాడు. కణమంటే ఏమిటో ఆయనకు చెప్పడం కష్టం, బొమ్మ చూపించడం తేలిక.

ఆ ఏడు ఎండీ ఒకటే పట్టు పట్టాడు. ఒక్కో సంచి నుంచి ఇంకా ఎక్కువ టీకా రావాలి. అలాగైతే సంచిని ఇంకొంచెం నింపుదాం, గాలి సరిపోవడానికి ఊపే వేగం పెంచుదాం అన్నాను నేను. లెక్క చేసి బొమ్మలు తీశాను. సంచి అంతా ఎర్రగా వచ్చింది. ఎక్కడా నీలం లేదు.

“ఏది, చూపియ్యి” అంది ఆమె.

బొమ్మలు ముందు పెట్టాను. వాటిని పక్కకు జరిపింది.

“ఇవి కాదు. సంచి చూపియ్యి.”

స్టోర్స్ వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత రాకర్, అంటే తొట్టెల మిషనే, ఒకటి అందులో దుమ్ము కొట్టుకుని పడి ఉండేది. పలక మీద గీతలు పడ్డాయని పక్కన పెట్టారు గాని మోటారు బాగానే నడిచేది. కొన్ని రోజులకు ఆమె నన్ను అక్కడికి రమ్మంది. పోయేసరికి గడువు దాటిన సంచి ఒకటి ఆ పలక మీద ఉంది. నేను చెప్పినంత మేరా నీళ్లు నింపి ఉంది. ఆమె చేతిలో స్టీలు డబ్బా.

“ఏంది మేడమ్ అది?”

“కనపడ్తలేదా? పసుపు.”

“పసుపెందుకు?”

“రంగు కోసం ఇండెంట్ పెట్టిన. మీ పర్చేజోళ్లు తెచ్చేసరికి నేను రిటైరైత. ఇది మా వంటింట్లది. చూడు.”

పసుపును నీళ్లలో కలిపి సంచి మూతి గుండా లోపలికి ఎక్కించింది. రాకర్‌ను నేను చెప్పిన వేగానికి పెట్టింది. తర్వాత పాన్ డబ్బా కొట్టు నుంచి తెచ్చిన సున్నాన్ని కొన్ని నీళ్లలో కలిపి, తేటను సిరంజిలోకి లాగి, ఒక చివర నుంచి వదిలింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని మనకందరికీ తెలుసు. సంచి మధ్యంతా చూస్తుండగానే ఎర్రబడిపోయింది. ఎడమవైపు రెండు మూలలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మేము ఎంతసేపు నిలబడినా పచ్చగానే ఉన్నాయి. పైగా పసుపు పొడి అంతా కొట్టుకొచ్చి ఆ మూలల్లోనే మెత్తగా పేరుకుంటోంది.

అల నడక కూడా వేరుగా ఉంది. నెమ్మదిగా ఊపినప్పుడు నీళ్లు పలకతో పాటే పోతాయి. పలక ఎటు వాలితే అటు. ఇక్కడ పలక ఇటు తిరిగే సమయానికి నీళ్లు ఇంకా అటే పోతున్నాయి. ఆ చివర గోడకు కొట్టుకుని, నురగ కక్కి, ఆలస్యంగా వెనక్కి వస్తున్నాయి. వచ్చేసరికి పలక మళ్లీ ఎదురు తిరుగుతోంది.

“చూసినవా బాబూ. నువ్వు ఊపేది పలకను. నీళ్లను కాదు.”

“నా లెక్కల మంచిగనే వస్తాంది మేడమ్.”

“నీ లెక్కల పూసలున్నయా?”

మా కణాలు ఊరికే నీళ్లలో తేలేవి కావు. ఇసుక రేణువుల్లాంటి చిన్న పూసలకు అంటుకుని పెరిగేవి. ఆ పూసలు నా లెక్కలో లేవు. ఉత్త నీళ్లే ఉన్నాయి.

“పూసలు పెడితే లెక్క తెమలది మేడమ్. కంప్యూటర్ అట్లనే తిరుగుతది.”

“తిరగనీ. గొర్రెలు నీ కోసం ఆగుతయి, ఫికర్ చెయ్యకు” అంది. “ఈ పసుపు ఏడ పడ్డదో పూసలు గూడ గాడనే పడ్తయి. ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తయి. పడకుండ ఉన్నయి గా గోడకు తలిగి చస్తయి. గింతే.”

అప్పుడే సదానందం దేనికోసమో అటు వచ్చి, తలుపు దగ్గర నిలబడి, పలక మీద ఊగుతున్న ఎర్రనీళ్లు చూశాడు.

“మేడమ్, తొట్టెలకు దిష్టి తగిలిందా?”

“తొట్టెలకు కాదు, నీకు తగిలింది. మొఖం కడుక్కో, పోతది” అంది ఆమె, వాడి వైపు చూడకుండానే.

సదానందం నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగిపోయే మాటే అది. దాన్ని క్యాంటీన్‌కు తీసుకుపోయింది నేను. మేడమ్ మిషన్‌కు దిష్టి తీస్తోందని, చేతిలో సిరంజి పట్టుకుని మూడుసార్లు తిప్పిందని కలిపి చెప్పాను. అందరూ నవ్వారు. ఆమె చాయ్ సాసర్‌ను నేను అనుకరించి చూపించినప్పుడు కూడా అంతగా నవ్వలేదు.

ఆమె ఎండీకి చెప్పింది, సంచి ఎంత నింపి ఎంత వేగం పెట్టాలో కూడా చెప్పింది. వచ్చి చూడమని ఒకటికి రెండుసార్లు అడిగింది. చూద్దాం, వచ్చే వారం అన్నాడు. ఆ వారం రాలేదు. నా దగ్గర రంగుల బొమ్మలున్నాయి. ఆమె దగ్గర రేకుల షెడ్డులో ఒక సంచి ఉంది. ఎండీ షెడ్డు దాకా రాలేదు. నేను లెక్కను పూసలతో మళ్లీ చేయలేదు. కొత్త వేగంతో బ్యాచ్ మొదలైంది.

మా పోషక ద్రవం మామూలుగా లేత ఎరుపు రంగులో ఉంటుంది. అందులో ముందే ఒక రంగు కలిపి ఉంటుంది. ద్రవంలో పులుపు పెరిగితే ఆ రంగు పసుపుకు తిరుగుతుంది. కణాలు ఇబ్బందిలో ఉన్నాయని చెప్పే మొదటి గుర్తు అది. మా విభాగాల్లో చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పే సంగతి. బ్యాచ్ మొదలైన కొన్నాళ్లకే సంచులు మూలల నుంచి పచ్చబడడం మొదలుపెట్టాయి. తర్వాత అంతా పచ్చబడ్డాయి. పూసలు మూలల్లో గడ్డలు కట్టాయి. కణాలు చచ్చిపోయాయి.

కాని కిటికీ అద్దంలోంచి చూసిన ప్యాకింగ్ వాళ్లకు, వాచ్‌మన్‌కు, డ్రైవర్లకు కనిపించింది ఒక్కటే. సంచుల్లో పసుపు. క్యాంటీన్‌లో నేను చెప్పిన కథ వాళ్ల దగ్గర తయారుగా ఉంది. రెండూ కలిపారు. మేడమ్ దిష్టి తీయబోతే పసుపు లోపల పడింది.

మీటింగ్ పెట్టారు. ఎండీ టేబుల్ మీద పచ్చబడ్డ శాంపిల్ సీసా ఉంది.

“ఇది పచ్చగ ఎందుకైంది? ఎవరన్న చెప్పుర్రి” అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఏం చెప్పాలనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు.

“జర ఆగు బాబూ, నేను చెప్త” అంది ఆమె. అన్నది నాతో కాదు. ఎండీతో.

ఆయన ముఖం మారిపోయింది. ఆమె అది గమనించలేదు, గమనించినా లెక్కచేసేది కాదు. పులుపు గురించి చెప్పింది. అల గురించి చెప్పింది. ఈ వేగానికి మూలలు చచ్చిపోతాయని ముందే టెస్ట్ చేసి చూపించానని చెప్పింది.

ఎండీ నా వైపు తిరిగాడు. “ఏందయ్యా ఆ టెస్టు?”

“పసుపు, సున్నం సార్” అన్నాను.

అంతవరకు నిజమే. అక్కడ ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని లేదు. గదిలో కొందరి పెదవుల మీద అప్పటికే నవ్వు ఉంది. నాకూ ఆ నవ్వు కావాలనిపించింది.

“మనోళ్లు దిష్టి నీళ్లు అంటాండ్రు సార్.”

అందరూ నవ్వారు. ఎండీ నవ్వలేదు. సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

“అంటే వంటింటి పసుపు నా ప్లాంటుల తిరుగుతాందన్నట్టు” అన్నాడు.

 ఆమె నా వైపు చూసింది. ఆమె దేనికోసం చూస్తోందో నాకు తెలుసు. పసుపు షెడ్డు దాటి రాలేదు. ఆ టెస్ట్ అయిన సంచిని అక్కడే కోసి పారేయించింది, డబ్బాను ఇంటికి తీసుకుపోయింది. శుభ్రమైన గదుల్లోకి పోయేముందు మేము ఒళ్లంతా కప్పేలా వేసుకునే బట్టల మీద చిటికెడు దుమ్ము కూడా ఉండనిచ్చే మనిషి కాదు. షెడ్డులో ఆ రోజు ఆమెతో ఉన్నవాణ్ని నేనే. ‘షెడ్డులో సార్’ అంటే చాలు. రెండు మాటలు. నేను నా బొమ్మల కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

“ఏది, చూపియ్యి” అని అప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. పసుపు ఎక్కడ పడిందో చూపించమని అడిగితే ఎవరూ చూపించలేకపోయేవాళ్లు. ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి నిలబడి ఒక్కటే అడిగింది.

“మరిపెడ గొర్లోళ్లకు ఏం చెప్తరు?”

మొదటి టీకాలు మరిపెడ వైపు మందలకు వేస్తామని మాట ఇచ్చి ఉన్నాం.  ఆ వానాకాలం అటువైపు రోగం వచ్చింది. టీకా ఉంటే ఎన్ని బతికేవో నేను చెప్పలేను. టీకా లేదు, అంతే.

ఆమెను రాజీనామా చేయమన్నారు. చేసింది. హైదరాబాద్‌లో రెండు మూడు చోట్లకు ఇంటర్వ్యూలకు పోయిందని విన్నాను. ఈ కథ ఆమె కంటే ముందే అక్కడికి చేరింది. మా రంగంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే, ‘పసుపు మేడమ్’ లాంటి పేరు ఒకసారి వింటే మర్చిపోరు. చివరికి కేసముద్రంలో మార్కెట్ యార్డు దగ్గర కమీషన్ దుకాణం నడిపే చెల్లెలి ఇంటికి చేరింది. అక్కడి నుంచి రోజూ రైలెక్కి వచ్చి, హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేది.

ఆమె కంపెనీ వదిలిపోయిన కొద్దిరోజులకు, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు, నేను షెడ్డులోకి పోయాను. పాత సంచి ఒకటి పెట్టి, నీళ్లు నింపి, పసుపు వేశాను. మా ఇంట్లో పసుపే. నా వేగానికి పెట్టాను. పసుపు తిన్నగా పోయి ఆ మూలల్లోనే పడింది. వేగం తగ్గించాను, నీళ్లు తగ్గించాను. ఆమె చెప్పిన చోటికి వచ్చేసరికి మూలల్లోంచి పసుపు లేచి, సంచి అంతా తిరగడం మొదలుపెట్టింది. అల పలకతో పాటే పోయి, పలకతో పాటే వస్తోంది. చప్పుడు కూడా మారింది. కొట్టుకునే చప్పుడు పోయి, పొర్లే చప్పుడు వచ్చింది. చాలాసేపు చూశాను.

తర్వాతి బ్యాచ్‌కు ఆమె చెప్పిన వేగమే పెట్టాను. పద్ధతులు సవరించామని అన్నాను. ఎవరు సవరించారని ఎవరూ అడగలేదు. బ్యాచ్ బాగా వచ్చింది. ఆ తర్వాతవీ వచ్చాయి. నన్ను ఆమె కుర్చీలో కూర్చోబెట్టారు.

తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను. ఒక పెళ్లికి మహబూబాబాద్ పోతూ వరంగల్‌లో పుష్‌పుల్ రైలు ఎక్కితే కిటికీ పక్కన కూర్చుని ఉంది. జుట్టు దాదాపు తెల్లబడింది. ఒళ్లో ప్లాస్టిక్ బుట్ట. ఎదురుగా ఖాళీ సీటు ఉంది. దిగిపోదామనుకున్నాను. రైలు కదిలింది.

“కూసో బాబూ” అంది.

కూర్చున్నాను. ఎట్లున్నరు మేడమ్ అంటే ఉన్న అంది. పిల్లలు మంచిగ వింటాండ్రా అంటే, “ఏడ వింటరు, ఫోన్లు చూస్తరు” అంది. రైలు చింతలపల్లి దాటింది. తర్వాత కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

“ఇప్పుడు ఎంత స్పీడుల పెడ్తాన్నరు?”

చెప్పాను. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె చెప్పిన వేగమే కాబట్టి చెప్పాను.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కాదు. నా లెక్కలో తప్పు దొరికినప్పుడు చూసినట్టు, కొంచెం ఆసక్తిగా చూసింది.

“ఎవరు చూసిర్రు?”

“నేనే మేడమ్.”

“ఎట్ల చూసినవ్?”

నేను కిటికీ బయటికి చూశాను. నా ముఖంలో జవాబు కనిపించి ఉంటుంది. నీళ్లు ఎటు పోతున్నాయో నీళ్లను చూసే తెలుసుకునే మనిషికి, ఎదురుగా కూర్చున్నవాడి ముఖం ఎంత సేపు.

“మంచిది” అంది. “గంతే పెట్టాలె. మీదికి పోవద్దు.”

కేసముద్రం వచ్చింది. బుట్ట తీసుకుని లేచింది. ఆమె గుమ్మం దాకా పోయేవరకు నాకు సమయం ఉంది. లేచి వెనక పోయాను కూడా. జనం దిగుతున్నారు. మోకాళ్లు బాగాలేవేమో, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. బుట్ట అందించాను. తీసుకుంది. రైలు కదిలింది. నేను మహబూబాబాద్ పోయి పెళ్లి భోజనం చేసి వచ్చాను.

పెద్దకర్మ కేసముద్రంలోనే చేశారు. దుకాణం ముందు ధాన్యం బస్తాలు పక్కకు వేసి, షామియానా కట్టి, కుర్చీలు వేశారు. వరంగల్ నుంచి మా పాతవాళ్లు ఒక వ్యాన్ మాట్లాడుకుని వచ్చారు. నేనూ వాళ్లతోనే వచ్చాను. దారి పొడుగునా ఆమె మాటలే. బజ్జీల పిండి, సాసర్ చాయ్, బాబూ పిల్లా. నవ్వుకున్నారు. ఇప్పుడు అందరికీ ఆమె అంటే ఇష్టమే.

మైకు సదానందం చేతిలో ఉంది. అట్టపెట్టె విషయంలో తిట్టిన సంగతి చెప్పి నవ్వించాడు. ఆ తర్వాత పసుపు కథ చెప్పాడు. చెడుగా చెప్పలేదు. “మా మేడమ్‌కు కంపెనీ అంటే కన్నబిడ్డ లెక్క. బిడ్డకు దిష్టి తగిలిందేమోనని తల్లి తీసినట్టే తీసింది. నష్టమైతే అయింది గని, ఆ ప్రేమ ఎవరికుంటది?” అన్నాడు. ముందు వరసలో ఆమె చెల్లెలు కూర్చుని ఉంది. తల దించుకుని వింటోంది.

నేను లేచి మైకు అడిగి తీసుకున్నాను.

“సదానందం చెప్పింది తప్పు” అన్నాను. “మేడమ్ దిష్టి తియ్యలే. అది టెస్టు. పసుపు లోపలికి రాలే, షెడ్డులనే ఉన్నది. బ్యాచ్ పోయింది నేను పెట్టిన స్పీడుతోటి. అట్ల పెట్టొద్దని మేడమ్ ముందుగాలనే చెప్పింది. మీటింగ్‌ల నేను చెప్తే ఆమె నౌకరి ఉండేది. నేను చెప్పలే. తర్వాత ఆమె చెప్పిన స్పీడే పెట్టి నేను ప్రమోషన్ తీసుకున్న.”

చెప్పింది ఇంతే.   వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు.

సదానందం వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసి మైకు తీసుకున్నాడు. కళ్లల్లో నీళ్లున్నాయి వాడికి.

“చూసిర్రా, పెద్దమనసంటే గిది. పోయినామె మీద మాట ఉండొద్దని అన్న మొత్తం తన మీద ఏసుకున్నడు.”

“లేదు సదానందం, నిజంగనే…”

“సాలు అన్నా, సాలు” అన్నాడు వాడు చెవి దగ్గర, ప్రేమగా. “మాకు తెల్వదా నీ సంగతి? కూసో.”

మళ్లీ చప్పట్లు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో మంచినీళ్ల గ్లాసు ఇచ్చారు.

భోజనాల దగ్గర జనం తగ్గేదాకా నేను బస్తాల పక్కన నిలబడ్డాను. తినకుండా పోదామనే ఉంది. ఆమె చెల్లెలు విస్తరాకులు పట్టుకుని అటు వచ్చింది.

“మీరు చెప్పింది నిజమేనా?” అని అడిగింది.

“నిజమే అమ్మా.”

“అక్కకు ఎర్కేనా?”

“ఎర్కే అనుకుంటున్న. రైల్ల కలిసినప్పుడు తెలిసింది ఆమెకు.”

ఆమె చేతిలో విస్తళ్లను ఒకసారి సరిచేసుకుంది.

“అక్క ఉన్నప్పుడు చెప్తే మీ నౌకరి పోతుండె” అంది. “ఇయాల చెప్తే చప్పట్లు కొట్టిర్రు.”

 ఆమె ఒక విస్తరాకు తీసి నా ముందు బల్ల మీద వేసింది.

“కూసోర్రి. ఇయాల తినకుంట పోవద్దు.”

కూర్చున్నాను. వడ్డించినవాళ్లు సార్‌కు ఇంకొంచెం వెయ్యమని ఒకరికొకరు చెప్పుకుంటూ వేశారు. అంతా తిన్నాను.